పెరటి చెట్టు మందుకు పనికిరాదా? – జగ్గయ్యపేట, నందిగామ మెట్టసీమలో గృహారామముల చరిత్ర



"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అను సామెత తెలుగునాట ఎల్లరకును తెలిసినదే. చేరువనున్న వస్తువుపై మనకుండు చులకనభావమును ఎత్తిచూపుటకే పెద్దలు దీనిని పలికిరి గాని, పెరటిచెట్టున గుణము లేదని చెప్పుటకు గాదు. చరిత్రదృష్టితో చూచినచో ఈ సామెత ఒక సాక్ష్యము కూడ. మందుచెట్టు పెరటిలో ఉండుట సర్వసామాన్యమైన కాలముననే ఇట్టి మాట పుట్టును. ఆ కాలము మన కృష్ణామండలపు మెట్టసీమలో ఎట్లుండెడిది, దాని జాడలు నేడెచ్చట మిగిలియున్నవి, అవి చెదరినచో మన నిత్యనైమిత్తిక కర్మలకు కలుగు లోపమేమి అను మూడు విషయములను ఆస్తికమహాశయుల సన్నిధిని విచారింప దలచితిని.

ఊరి పేర్లలోని ఓషధులు

జగ్గయ్యపేట మండలమున గరికపాడు, బలుసుపాడు అను గ్రామములు కలవు. నందిగామ మండలమున మునగచెర్ల, జొన్నలగడ్డ కలవు. వినినంతనే గరిక, బలుసు, మునగ, జొన్న స్ఫురించును. ఒకటి విఘ్నేశ్వరునికి ప్రీతిపాత్రమైన దూర్వ. ఒకటి ముండ్లకంపపై మొలచు ఆకుకూర. ఒకటి పెరటి చెట్టు. ఒకటి మెట్టపొలపు ధాన్యము. పూజ, కూర, మందు, అన్నము అను నాలుగును నాలుగు ఊళ్ళ పేర్లలో వినవచ్చుచున్నవి. "బ్రతికియుండిన బలుసాకు తినవచ్చు" అను సామెత ఆకలి నెరిగిన జనుల నోట పుట్టినదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సీమ ఆకలి నెరిగినదే. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు, మచిలీపట్టణ ప్రాంతములను పీడించిన క్షామమును జనులు "డొక్కల కరవు" అనిరి. అటుపిమ్మట బెజవాడ కడ కృష్ణానదిపై ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. దాని కాలువలు డెల్టాను సస్యశ్యామల మొనర్చినవి. కాని ఆనకట్టకు ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు ఆ నీరు ఎక్కదు. మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరు వంటి ఏళ్ళును, చెరువులును, బావులును, వానయు మాత్రమే ఇచ్చటివారికి దిక్కు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము 1967లో కాలువలకు నీరు విడిచిన తరువాతనే ఎడమ కాలువ ఆశ ఈ మెట్టకు కలిగినది.

నీరు తక్కువైన చోట పెరడు విలువ ఎక్కువ. పొలము వానపై ఆధారపడును. పెరడు బావిగట్టుపై ఆధారపడును. స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు, బియ్యము కడిగిన కుడితిలో పశువు త్రాగగా మిగిలినది – ఇవియే పెరటికి కాలువలు. నీరు పారు చోట అరటి, చేమ; దడిపై బీర, కాకర, దొండ; పందిరిపై చిక్కుడు, సొర; మూలన కరివేప, మునగ, నిమ్మ; ముంగిట కోటలో తులసి. వాన తప్పి చేను ఎండిననాడు సైతము ఇంటి ఇల్లాలు ఏదో ఒక ఆకుతో కూర వండగలిగినది ఈ అమరిక చేతనే.

బేతవోలు జగ్గయ్యపేట యగుట

ఈ ప్రాంతమున జనావాసము మిక్కిలి ప్రాచీనము. జగ్గయ్యపేట చెంతనున్న ధనబోడు గుట్టపై 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించిన బౌద్ధస్తూపమే దానికి నిదర్శనము. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి అచ్చట ఐదు ఆయకస్తంభములను సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. నేటి పట్టణమునకు మాత్రము 18వ శతాబ్దము చివర రూపమేర్పడినది. బేతవోలు అను పూర్వనామము గల ఈ ఊరిని రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు విస్తరింపజేసి, తన తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేట అని పిలిపించెను. 1783 మొదలు 1816 వరకు పాలించిన ఈ ప్రభువే అమరావతీ నగరమును కట్టించినవాడు.

తెలుగు ప్రభువులు సప్తసంతానములను నిలుపుటను పరమధర్మముగా తలచిరి. సుతుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము – ఇవి ఏడు. వనమును కుమారునితోను, దేవాలయముతోను ఒక్క వరుసలో నిలిపిన భావన ఇది. చెట్టు నాటుట వినోదము గాదు. తాను పోయిన పిదప నిలుచు సంతానమును కనుట. ప్రభువు వనమును నాటెను, గృహస్థు పెరటిని పెంచెను. పరిమాణమున భేదమే గాని సంకల్పమున భేదము లేదు.

వేంకటాద్రినాయుడు పాలించుచున్న రోజులలోనే, గోదావరీసీమలోని సామర్లకోట కడ విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు మొక్కలను పెంచి పరిశీలించుచుండెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు తరలిపోవువరకు ఆయన అచ్చటనే యుండి, తీరాంధ్రపు మొక్కలను చిత్రింపజేసి, వాని తెలుగు పేర్లను కూడ తన గ్రంథములలో వ్రాసికొనెను. ఆ తెలుగు పేర్లు ఎవరు చెప్పిరి? ఆ మొక్కలను నిత్యము వాడు మన పల్లెజనులే చెప్పియుందురు. మనము చేరువలోనున్నదని చులకన చేసిన విద్యను సముద్రము దాటి వచ్చినవాడు శ్రద్ధతో లిఖించుకొనెను.

శాస్త్రమున గృహారామము

ఋగ్వేదమున దశమ మండలములో 97వ సూక్తము ఓషధీసూక్తము. ఇరువదిమూడు ఋక్కులు గల ఆ సూక్తమున ఋషి ఓషధులను తల్లులని సంబోధించును. కృష్ణయజుర్వేదమున అగ్నిచయన ప్రకరణములో యజ్ఞభూమిని దున్ని విత్తనములు విత్తు విధి కలదు. అచ్చట గ్రామ్యములైన ఓషధులు ఏడు, ఆరణ్యములైనవి ఏడు అని విభాగము చేసి, ఆ రెండు విధముల వానిని పొందుటకే విత్తుట అని బ్రాహ్మణభాగము వివరించుచున్నది. ఈ విభాగము మిక్కిలి మననీయము. గ్రామము వేరు, అరణ్యము వేరు. మనిషికి రెండును కావలెను. ఈ రెండును కలసికొను స్థలమేది? అదియే పెరడు. అడవిలోని వావిలి, ఉసిరి, మారేడు ఇంటి వెనుకకు వచ్చి చేరును. పొలములోని నువ్వు, పెసర ఇంటి మడిలోనికి వచ్చును.

శాకముల పెంపకమును గృహిణి ధర్మముగా చెప్పిన ప్రాచీనగ్రంథములలో వాత్స్యాయనుని కామసూత్రము ఒకటి. పేరు విని సంకోచింప నక్కరలేదు. అందలి భార్యాధికారికాధికరణము గృహనిర్వహణశాస్త్రమే. శుభ్రమైన స్థలమున ఆకుకూరల మళ్ళు, చెరకు దుబ్బులు, జీలకర్ర, ఆవాలు, వాము వంటివి పెంచవలెనని, ముల్లంగి, దోస, వంగ, గుమ్మడి, సొర, కంద మొదలైన వాని విత్తనములను సేకరించి, కాలము తప్పక విత్తవలెనని అందు చెప్పబడినది. విత్తనసేకరణమును ప్రత్యేకముగా పేర్కొనుట గమనింపదగినది. మన పల్లెలలో తల్లులు బీరకాయను తీగపైననే ఎండనిచ్చి, గింజలను బూడిదలో కలిపి, పొయ్యిపైన చూరున వ్రేలాడదీయుట ఆ ధర్మముయొక్క ఆచరణరూపమే. బూడిదకు పురుగు చేరదు. పొగకు తేమ నిలువదు.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించెను. వేప, అశోకము, పున్నాగ, శిరీషము, ప్రియంగువు మంగళకరములు గనుక తోటలోనైనను ఇంటిలోనైనను వీనిని మున్ముందు నాటవలెనని ఆయన మాట. చెట్టుకు చెట్టుకు నడుమ ఇరువది హస్తములు ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమము. అంతకు మించి దగ్గరగా నాటినచో వేళ్ళు పెనవేసికొని ఫలము తగ్గునని హేతువును కూడ చెప్పెను. మేకపెంట, గొఱ్ఱెపెంట, నువ్వులు, పిండి మొదలగు వానిని నీటిలో ఏడు రాత్రులు నిలువచేసి మొక్కకు పోయు విధానమును వ్రాసెను. నేడు ప్రకృతి వ్యవసాయమను పేర వాడు పులియబెట్టిన ద్రవముల వెనుకనున్న తలపు ఇట్టిదే.

పంచాంగమే పెరటి పట్టిక

మన పండుగలను వరుసగా చూచినచో పెరటి చరిత్ర తానుగా కన్పట్టును. చైత్రమున ఉగాదికి వేపపూత, మామిడిపిందె, క్రొత్త చింతపండు. ఆషాఢమున గోరింటాకు. శ్రావణ బహుళ అమావాస్యనాడు పోలాల అమావాస్య. ఆనాడు తల్లులు కంద మొక్కను దేవతగా నిలిపి, పసుపుకొమ్ము కట్టి, సంతానక్షేమమునకై పూజింతురు. వేసవి చివర నాటిన కందదుంప ఆ నాటికి గొడుగువలె ఆకు విప్పియుండును. పూజించిన మొక్కను త్రవ్వుట కూడదు గదా! సంక్రాంతి దగ్గరపడునప్పటికి దుంప ఊరును. అప్పుడు కంద-బచ్చలి కూర అగును. దుంప ముదురకముందే పెకలించుకొను తొందరకు ఈ వ్రతము అడ్డుకట్ట వేసినదని నా అభిప్రాయము.

కార్తికమున ఉసిరి. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మను నిలుపుదుము. వనభోజనమునకు ఉసిరిచెట్టు నీడనే కూర్చుందుము. ఉసిరికాయ పక్వమునకు వచ్చు ఋతువు అదియే. మాఘ శుద్ధ సప్తమినాడు రథసప్తమి. చిక్కుడుకాయలతో సూర్యునికి రథమును కట్టి, చిక్కుడాకులలో పరమాన్నమును నివేదింతుము. జిల్లేడాకులు, రేగుపండ్లు శిరమున నుంచుకొని స్నానము చేయుదుము. ఆషాఢ శ్రావణములలో తొలకరికి పెట్టిన చిక్కుడుతీగ మాఘమునకు నిండుగా కాయును, రేగు పండును. ఈ పండుగలకు కావలసిన వస్తువేదియు ధనవంతుడు మాత్రమే కొనగలిగినది కాదు. తీగ పెట్టిన ప్రతి గృహస్థునకు, కులభేదము లేక, లభించునది. గ్రామదేవతకు సమర్పించు వేపమండ, పసుపు కూడ అట్టివే.

తద్దినపు విస్తరిలోని ప్రాచీనత

నిత్యపు వంటకును, పితృకార్యపు వంటకును ఉన్న భేదము చరిత్రకారునకు అమూల్యమైన ఆధారము. ఇంటింటి ఆచారభేదములు కొంత ఉన్నను, శ్రాద్ధభోజనమున అరటి, కాకర, చేమ, కంద, అల్లము, కరివేప, నువ్వులు, మినుములు, పెసలు ప్రధానములు. కారమునకు మిరియము. మిరపకాయ, టొమాటో, బంగాళాదుంప, క్యాబేజీ, కాలీఫ్లవర్ వర్జ్యములు. కారణమేమని యువకులు ప్రశ్నింతురు. చరిత్ర చెప్పు సమాధానము సులభము. మిరప, టొమాటో, బంగాళాదుంప అమెరికా ఖండమునుండి, 15వ శతాబ్దము ముగిసిన పిమ్మట, పోర్చుగీసు మొదలగు ఐరోపా వర్తకుల ఓడలలో లోకమంతట వ్యాపించినవి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఐరోపానుండి వచ్చినవి. ధర్మశాస్త్రకారులు శ్రాద్ధద్రవ్యములను నిర్ణయించిన నాటికి ఇవి మన నేలపై లేవు. కనుక తద్దినపు విస్తరి మిరపకు పూర్వపు తెలుగింటి పెరటిని నేటికిని మన కన్నులకు చూపుచున్నది. పితరులకు వారెరిగిన రుచినే వడ్డించుచున్నాము.

అట్లని మన పెద్దలు క్రొత్తదానిని ద్వేషించిరని తలపరాదు. మిరప నేడు ఈ మెట్టసీమకు ప్రధానమైన పంట. సీతాఫలము అమెరికా ఉష్ణమండలపు చెట్టని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనవారు దానికి జానకీదేవి పేరు పెట్టి ఇంటిలో చేర్చుకొనిరి. గుమ్మములకు కట్టు బంతిపూవు మెక్సికోనుండి వచ్చినది. దేవతామూర్తులకు మాలయై కూర్చున్నది. మిరియము సైతము మన మెట్టలో పండునది కాదు, మలయాళసీమనుండి వర్తకులు తెచ్చినదే. పెద్దల విధానము రెండు తలుపుల ఇల్లు వంటిది. నిత్యభోజనమను తలుపును అతిథికి తెరచిరి. పితృకార్యమను తలుపును మూసి లోపలి నిధిని కాపాడిరి. ఒకదానిచేత పెరడు పెరిగినది, మరియొకదానిచేత పాతమొక్క పోకుండ నిలిచినది.

ఇరువదియొక్క పత్రములు

వినాయకచవితినాటి ఏకవింశతి పత్రపూజ మనకు మిగిలిన మరియొక లిఖితపట్టిక. తులసి, మరువము, మాచిపత్రి, జాజి, దానిమ్మ, మామిడి, గన్నేరు, మారేడు – ఈ ఎనిమిదియు పెరటిలో పెరుగునవి. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు, రేగు, వావిలి, జమ్మి, రావి, విష్ణుక్రాంత – ఈ పదియు దడివెంబడి, గట్టువెంబడి, ఊరి వెలుపల దొరకునవి. మద్ది ఏటి ఒడ్డున పెరుగు మహావృక్షము. దేవదారు హిమాలయమునకు చెందినది. మన ఎండకు నిలువదు. ఇవి ఇరువది. మిగిలినది గండకీపత్రము.

ఈ గండకి యేది? ఒకరు దేవకాంచన మందురు, మరియొకరు లతాదూర్వ యందురు. పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. ప్రతి సంవత్సరము నామమును పలుకుచున్నాము. ఆకు ఏదో నిశ్చయముగా ఎరుగము. ఒకానొక కాలమున ఒక ఇంటివారు ఆ మొక్కను పెంచుట మానిరి, పొరుగువారు మానిరి, చూపి చెప్పువారు లేకపోయిరి, నామము మాత్రము గ్రంథమున నిలిచినది. ఓషధీజ్ఞానము నశించు క్రమము ఇదియే. అది తాళపత్రము కాలిపోవుటచేత గాదు, చూపించు వ్రేలు లేకపోవుటచేత నశించును.

నేడు చవితినాడు అంగడిలో కొనితెచ్చు పత్రికట్టలో ఏ ఆకు ఏదియో ఇంటిలో ఒక్కరికైనను తెలియని గృహములే అధికము. దారిలో దొరకిన ఆకులన్నియు ఆ కట్టలో చేరుచున్నవి. అర్చకుడు "మాచీపత్రం" అనును. యజమాని చేతికందిన ఆకును వేయును. ఈ తీరు మరి రెండు తరములు సాగినచో మాచిపత్రియు గండకి త్రోవనే పట్టును. సున్నపురాతి నేలపై వెలసిన మన జగ్గయ్యపేట సిమెంటునకు ప్రసిద్ధము. ఆ సిమెంటే పెరళ్ళను కప్పివేసినది. గ్రీష్మమున రాష్ట్రమునందలి అత్యధిక ఉష్ణోగ్రతల వార్తలలో నందిగామ పేరు తరచు వినబడును. మండుటెండకు గచ్చునేల వేడిని రాత్రివేళకు కూడ విడువదు. తడి మన్ను, ఆకునీడ విడుచును.

సామెతకు సమాధానము

పెరటిచెట్టు మందుకు పనికివచ్చినదా? 1958లో కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఒక మొక్కనుండి వెలికితీసిన విన్‌బ్లాస్టిన్ అను ద్రవ్యమును ప్రకటించిరి. దాని వెంట అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ వచ్చినది. పసిబిడ్డలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో నేటికిని అది ముఖ్యౌషధము. ఆ మొక్క మన ముంగిళ్ళలో పూయు బిళ్ళగన్నేరు! మడగాస్కరునుండి వచ్చి మన పూజాపుష్పమైనది. అయితే ఒక హెచ్చరిక అవశ్యకము. ఆ ద్రవ్యమును వైద్యులు మిక్కిలి జాగ్రత్తతో, కొలతతో వాడుదురు. ఆ మొక్క ఆకును ఇంటిలో నమలుట ప్రమాదకరము. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ విషములే. పత్రపూజకు తగినవి గాని భోజనమునకు తగవు. పెరటి మందు జలుబునకు తులసికషాయము, అజీర్ణమునకు వాము, అల్లము వంటి చిన్న విషయములకే. వ్యాధి ముదిరినచో వైద్యుని యొద్దకు పోవుటయే ధర్మము.

పసుపు కథ అందరును ఎరుగవలసినది. పసుపు గాయమును మాన్పునను విషయమునకు 1995లో అమెరికాలో పేటెంటు హక్కు ఇయ్యబడినది. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ఎదిరించి, సంస్కృతాది భాషల గ్రంథములనుండి ఆధారములు చూపగా, 1997లో ఆ హక్కు రద్దయినది. వ్రాసి యుంచిన జ్ఞానము మనలను రక్షించినది. కాని మన అవ్వల నోటనున్న జ్ఞానము ఏ గ్రంథమునను లేదు. దానికి సాక్ష్యము పెరడొక్కటే.

కావున ఆస్తికులకు నా విన్నపము స్వల్పము. పెరడున్నవారు వేప, మారేడు, ఉసిరి, కరివేప, మునగలలో ఒక్కటియైనను నాటుడు. వరాహమిహిరుని మాట మరువక ఎడము నిచ్చి నాటుడు. దడికి కాకర, చిక్కుడు తీగలను, నీరు పారుచోట కందను, చేమను పెట్టుడు. గచ్చునేల తప్ప లేనివారు కుండీలలో తులసి, మాచిపత్రి, మరువము, గరిక పెంచుడు. సందేహములున్నచో గరికపాడులోనే కృషివిజ్ఞానకేంద్రము కలదు, అచ్చటివారిని అడుగవచ్చును. కాసిన కాయలలో మేలైనదొకటి విత్తనమునకు విడువుడు. పొరుగింటికి నాలుగు గింజలు ఇండు. అన్నిటికంటె ముఖ్యముగా, వచ్చు చవితినాడు పత్రిని కొనుటకు ముందు బిడ్డలను వెంటబెట్టుకొని గట్టువెంబడి నడువుడు. ఇది ఉత్తరేణి, ఇది వావిలి, ఇది వాకుడు అని వ్రేలితో చూపుడు. ఏ ఆకు త్రుంపవచ్చునో, ఏది ముట్టినచో చేయి కడుగుకొనవలెనో చెప్పుడు. ఆ గణపతి ఇరువదియొక్క పత్రములకంటె ఆ పాఠమునకే ఎక్కువ సంతసించును.